మత్తడి పై వరుస

ఆ రోజు మత్తడి మీద ఉన్నవాళ్లు, ఉన్నవి: చెరువు నీళ్లు పంచే నీరటి మా తాత ఎల్లయ్య, మా బాపు, ఆయకట్టు కింద పొలాలున్న ఇండ్ల నుంచి ఇంటికి ఇద్దరేసి మగవాళ్లు, కాలువ చివరి తండా నుంచి జమ్లి, ఆమె భర్త, వాళ్ల ఎడ్లబండి, గడ్డపారలు ఎనిమిది, వెదురు బొంగులు, మోకులు, నానిపోయి బరువెక్కిన గొంగళ్లు, కట్ట మైసమ్మ కోసం కాళ్లు కట్టేసి తెచ్చిన కోడి ఒకటి. నేనూ ఉన్నాను. నాలుగో తరగతి చదువుతున్నాను. బడి నాలుగు రోజులుగా మూసి ఉంది. ఎగువన కట్ట అంచు దాకా నీళ్లు, దిగువన మా ఊరు. కట్ట అడుగున ఒకచోట ఊట పుట్టింది. తాత పొద్దున దాని దగ్గర కూర్చుని, ఊరే నీళ్లను దోసిట్లో పట్టి చూసి, మట్టి వస్తోందన్నాడు. మట్టి వస్తే గండి పడటానికి ఎక్కువ సమయం పట్టదు.

నాది కొలతల పని. సివిల్ డిప్లొమా చదివాను, ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద సర్వే చేస్తాను. తవ్వి పోసిన మట్టి ఎంత, తవ్విన గుంత లోతెంత, ఇవే నా రోజులు. అందుకే ఈ చెరువు గురించి కూడా ముందు కొలతలే చెబుతాను. మాది మానుకోట జిల్లాలో అడవి అంచు ఊరు. చెరువుకు మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు కట్ట. గంగారం అడవుల నుంచి రెండు వాగులు వచ్చి అందులో కలుస్తాయి. కాకతీయుల కాలంలో కట్టిందంటారు; ఎవరు కట్టినా చేసిన పని మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక గుట్ట చివర, బండను ఆనించి, మత్తడి కట్టారు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు దాని మీదుగా దుంకి వాగులో పడాలి. దాని పై వరుసలో అరవై రెండు చెక్కిన రాళ్లు. ఒక్కొక్కటి రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు రెండు అంగుళాల ఎత్తు. రాయికీ రాయికీ మధ్య గాడి చెక్కి, ఇనుప బద్ద దింపి, సీసం కరిగించి పోశారు. నిండిన చెరువు అవతలి ఒడ్డు, గాలి లేచిన రోజు మాకు కనపడేది కాదు.

మా ఇంట్లో పొద్దు చాయ్‌తో మొదలయ్యేది కాదు, తూముతో మొదలయ్యేది. తాత ఇంకా మసక ఉండగానే లేచి కట్ట ఎక్కేవాడు. తూము దగ్గర నీళ్లలో నిలబడ్డ రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డరాళ్లు. ఎన్ని అడ్డరాళ్లు మునిగాయో చూసుకుని వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ చెప్పేవాడు. మూడు మునిగినయి. రెండున్నర మునిగినయి. అది విని మా అమ్మ ఆ రోజు నారు సంగతి, బాపు దున్నకం సంగతి మాట్లాడుకునేవాళ్లు. తాత గొంగడికి ఎప్పుడూ ఒకటే వాసన, తడి ఉన్ని, తుంగ వేరు, చేప పొలుసు కలిసిన వాసన. నీళ్లు వదలాల్సిన రోజు తాత తూము దాకా ఈది, మునిగి, అడుగున తూముకు బిరడాలా ఉన్న గుమ్మి లేపి వచ్చేవాడు. ఏ కాలువకు ఎన్ని గడియలో ఆయన మాటే. అందుకు ప్రతి ఇంటివాళ్లూ కల్లం దగ్గర కొన్ని కుంచాల వడ్లు కొలిచేవాళ్లు. చివరి తండాకు నీళ్లు చేరిందాకా మొదటి పొలం వాడికి రెండో తడి లేదు. ఈ ఒక్క నియమం మీదే మా ఊళ్లో సగం తగాదాలు పుట్టేవి, ఆ ఒక్క నియమం దగ్గరే ఆగేవి.

ఒడ్డు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పోయింది అదే. గుట్టల వైపు చెరువు పళ్లెంలాగ పలచగా ముగుస్తుంది. మోకాలి లోతు నీళ్లు చాలా దూరం ఉండేవి. అక్కడ తుంగ, జమ్ము, కలువ, తామర. కొర్రమట్ట ఆ గడ్డిలోనే గుడ్లు పెట్టేది. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లి చేప కిందే కాపలా ఉండేది. ఆ గుంపు కనిపించిన చోట వల వేయకూడదని తాత కట్టడి. నీటికోళ్లు, నారాయణ పక్షులు, చలికాలం ఎక్కడెక్కడి నుంచో బాతులు. ఎండకాలం నీళ్లు వెనక్కి పోయాక అదే నేల బయటపడితే, అందులో శిఖం పట్టా, అంటే చెరువు లోపలి నేలకు పట్టా, ఉన్నవాళ్లు దోసకాయలు, పెసర్లు వేసుకునేవాళ్లు. వాన పడి నీళ్లు వస్తే నేల మళ్లీ చెరువుది. మా బాపుకు అక్కడ రెండెకరాలు.

ఊట కనిపించిన ఆ రోజు తాత చెప్పిన పని కొత్తది కాదు. వాళ్ల నాయిన కాలంలోనూ ఒకసారి చేశారట. మత్తడి పై వరుస లేపేస్తే చెరువులో నీళ్లు అడుగు రెండు అంగుళాలు తగ్గుతాయి, కట్ట మీద బరువు తగ్గుతుంది, ఊరు మిగులుతుంది. ఎండకాలం ఊట పూడ్చి, రాళ్లు మళ్లీ ఎక్కించాలి. లేపిన రాళ్లను కట్ట మీద కుప్ప పోద్దామని బాపు అంటే తాత ఒప్పుకోలేదు. ఇంటికి ఒక రాయి తీసుకుపోవాలన్నాడు.

"కుప్ప పోస్తే ఎవనిదీ కాదురా. ఇంట్ల ఉంటే రోజూ కండ్లవడ్తది. యాదికుంటది," అన్నాడు.

రెండు వందల కిలోలకు పైన ఉండే రాయి. నలుగురు బొంగులకు మోకులు కట్టి మోస్తే గానీ కదలదు. వానలో, నడుము లోతు ప్రవాహంలో, ఎనిమిది గడ్డపారలతో సీసం పగలగొట్టి అరవై రెండు రాళ్లు లేపారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సాయంత్రానికి ఊట నీళ్లు తేటపడ్డాయి. కోడిని మైసమ్మ దగ్గర కోశారు. ఇంటికొక రాయి బండ్ల మీద ఊళ్లోకి పోయింది, ఒకటి తండాకు. నేను చూసిన వాటిలో అంతమంది కలిసి చేసిన మంచి పని మళ్లీ లేదు. అందుకే తరువాత జరిగింది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎండకాలం వచ్చింది. ఊట పూడ్చారు. తాత ఇంటింటికీ తిరిగి రోజు చెప్పి వచ్చాడు. ఆ రోజు పొద్దున్నే ఆయన మత్తడి దగ్గరికి పోతుంటే నేనూ వెంట పోయాను. తండా నుంచి జమ్లి వాళ్ల బండి అప్పటికే వచ్చి ఉంది. బండిలో ఒక్క రాయి, దాని కింద వరిగడ్డి పరిచారు. ఆమె ఇద్దరు కొడుకులూ ఎడ్లను విప్పి తుమ్మచెట్టు నీడన కట్టారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంకో బండి రాలేదు. కట్ట మీద నుంచి పోతున్నవాళ్లు ఆగి, ఏందే జమ్లీ, రాయికి పెండ్లా, పిల్లగాడు రాలేదా అని పరాచికాలాడారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.  తాత మత్తడి మీద కూర్చుని, కిందటి వరుసలో బయటపడ్డ గాడుల్లో చేరిన మట్టిని పుల్లతో తీస్తున్నాడు. పొద్దు వాలాక జమ్లి మొగుడు ఎడ్లు కట్టాడు. బండి ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది.

మా రాయి కూడా పోలేదు. మోయడానికి నలుగురు కావాలి, తాత ఒక్కడు. నలుగురిని పిలవాల్సింది మా బాపు. బాపు పిలవలేదు. పై వరుస లేక నీళ్లు అక్కడి దాకా రాలేదు కాబట్టి, ఆ యేడు ఆయన శిఖం రెండెకరాలూ ఎండిపోయిన ఒండ్రుతో, నల్లగా, వానకాలంలో కూడా మునగకుండా ఉన్నాయి. మక్క వేశాడు. నా చదువంతా ఆ మక్క మీదే సాగింది, ఇది దాచను. ఊళ్లో శిఖం ఉన్న ప్రతి ఇంట్లో ఇదే జరిగింది. శిఖం లేనివాళ్లు ఉన్నవాళ్లతో ఎందుకు పెట్టుకోవాలని ఊరుకున్నారు. తాత ఇంకో రెండేళ్లు బతికాడు. అన్ని రోజులూ పొద్దున్నే పోయి అడ్డరాళ్లు చూసి వచ్చాడు గానీ, ఎన్ని మునిగాయో వాకిట్లో చెప్పడం మానేశాడు. ఆయన చెప్పడం మానేశాడన్న సంగతి కూడా మేం ఎవరం పట్టించుకోలేదు.

తాత లెక్కలో ఒక్కటే తప్పు. ఇంట్లో ఉన్న రాయి గుర్తుంటుందనుకున్నాడు. ఇంట్లో ఉన్న రాయి పనికి వస్తుంది, పనికి వచ్చింది రాయిగా కనపడటం మానేస్తుంది. మా రాయి వాకిట్లో బావి పక్కన బట్టలుతికే బండ అయింది. అమ్మ దాని మీదే పరకపిల్లలను బూడిదతో రుద్ది తోమేది. ఎండకు ఆ నీచు వాసన పగలంతా ఉండేది. నేను దాని మీద కూర్చుని ఎక్కాలు చదివాను, గడ్డం గీసుకోవడం నేర్చుకున్నాను, పాలిటెక్నిక్ సీటు వచ్చిందన్న కబురు విన్నాను. అది మత్తడి రాయని నాకు తెలుసు. తెలిసి కూర్చున్నాను.

డిప్లొమా అయ్యాక జనగామలో ఒక చిన్న సర్వే ఏజెన్సీలో చేరాను. రఘునాథపల్లిలో గది, బస్సులో రాకపోకలు, భుజాన స్టాఫు, అంటే అంకెలు రాసిన కొలత కర్ర. మొదటి యేడే ఏజెన్సీకి కొన్ని చెరువుల హద్దులు గుర్తించే పని వచ్చింది. జాబితాలో మా చెరువు ఉంది. నాకెంత సంతోషమైందో చెబితే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. చెరువు నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో ఆ గీత గీయాలి; దఫ్తర్ భాషలో ఎఫ్‌టీఎల్. దాన్ని కనుక్కునే పద్ధతి మూడు ముక్కల్లో ఉంది: మత్తడి తల మీద లెవల్ తీసుకో, అదే లెవల్‌ను ఒడ్డు చుట్టూ తిప్పు, దొరికిన చోటల్లా రాయి పాతు. నేను మత్తడి మీద స్టాఫు నిలబెట్టాను. కాలి కింద కిందటి వరుస రాళ్లు. ప్రతి రాయి మీదా పైవరుస కూర్చున్న గాడి, గాడిలో తుప్పు మరక. మా సీనియర్ పరికరంలో కన్ను పెట్టి, చదవనా అని అరిచాడు. నేను చదవమన్నాను.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ బాపుతో అన్నాను, ఇది అసలు మత్తడి తల కాదు గదా అని. బాపు కంచంలోంచి తల ఎత్తలేదు.

"నిన్ను కొలువమన్నది ఏంది? ఉన్న మత్తడి. ఉన్నదే కొలువు. లేనిది కొలిస్తే ఉద్యోగం ఉంటదా?"

ఉన్నదే కొలిచాను. రిపోర్టులో లెవల్స్ పట్టీ మొత్తం నా చేతిరాత, కింద నా సంతకం. అందులో ఒక్క అంకె తప్పు లేదు. నేల పలచగా వాలిన చోట అడుగు రెండు అంగుళాల ఎత్తు అంటే, సుమారు రెండు వందల మీటర్ల నేల. ఆ రెండు వందల మీటర్లు లోపలికి హద్దురాళ్లు పాతించాను. తుంగ ఉన్న నేల, కొర్రమట్ట గుడ్లు పెట్టిన నేల, అంతా నా గీతకు బయట పడింది. చెరువు ఎండిపోయింది, వానలు లేవు, కాలం మారింది అని మా ఊళ్లో ఎవరైనా అంటే నాకు అరవాలనిపిస్తుంది. ఆకాశం ఏమీ చేయలేదు. మేం చెరువు అంచు కోసి ఇంటికి తెచ్చుకున్నాం, నేను దానికి కాగితం రాసిచ్చాను.

ఈ మార్చిలో ఇంటికి పోయాను. వాకిట్లో స్నానాల గది కట్టడానికి మేస్త్రి బావి పక్క బండను తిరగేశాడు. అడుగు భాగం తడిగా, శుభ్రంగా, ఉలి దెబ్బలు ఒక్కటీ అరగకుండా ఉంది. గాడి ఉంది. గాడిలో బొటనవేలంత సీసం ముక్క ఇంకా అంటుకుని ఉంది. మేస్త్రి, దీన్ని గడప కిందికి వేద్దామా అని అడిగాడు. ఆగమన్నాను. బండి తీసి చెరువు మీదికి పోయాను. నా హద్దురాళ్లు దాటితే బాపు మక్క, దాని పక్క ప్లాట్లు, తెల్ల సున్నం పూసిన రాతి కడీలు, 'లేక్ వ్యూ' అని బోర్డు. బోర్డు మీద చెరువు బొమ్మ వేయించారు. బొమ్మలో నీళ్లు కడీల దాకా ఉన్నాయి. మిగిలిన నీళ్ల మీద గుర్రపుడెక్క. చేపలంటే ఇప్పుడు లారీలో తెచ్చి వదిలే పిల్లలే, బొచ్చె, రవ్వ. కొర్రమట్ట కావాలంటే మార్కెట్‌కు పోవాలి.

అక్కడి నుంచి తండాకు పోయాను. జమ్లి మొగుడు లేడిప్పుడు. పొలాలు కాలువ చివర కాబట్టి, పై వరుస పోయిన నాటి నుంచి యాసంగికి నీళ్లు ఒక్కసారి కూడా చేరలేదు. ఒక కొడుకు బొగ్గు లారీ మీద, ఇంకొకడు హైదరాబాద్‌లో కూలికి పోయి వస్తూ ఉంటాడు. హోలీకి ఇద్దరూ ఇంటికి వచ్చి ఉన్నారు. రాయి ఇంటి వెనక చింతచెట్టు కింద ఉంది. దాని మీద ఏమీ లేదు, దానికి ఏదీ కట్టలేదు. కింద పరిచిన వరిగడ్డి మట్టిలో కలిసిపోయింది. జమ్లవ్వా, దీన్ని ఎందుకు వాడుకోలేదని అడిగాను.

"మాది కాదు గదా కొడుకా. మీ తాత దాసి పెట్టమన్నడు, దాసిపెట్టినం," అంది. తరువాత నన్ను తేరిపార చూసింది. "ఆ నాడు నువ్వు గూడ ఉన్నవు. నవ్వినవు. నాకు యాదికున్నది."

నేను తల దించుకుని, నీళ్ల గీత గీసింది కూడా నేనేనని చెప్పాను. ఆమెకు లెవల్ సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. పెద్ద కొడుకును పిలిచి వాళ్ల భాషలో ఏదో అంది. అతను నా వైపు తిరిగి, ట్రాలీ ఎప్పుడు తేవాలి అన్నా, అని అడిగాడు.

ముందు సాగునీటి దఫ్తరుకు పోయాను. అక్కడి ఆఫీసరు నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. రాయి కొలత, గాడి ఫొటోలు, కిందటి వరుస ఫొటోలు, పాత లెవల్ ఎంత ఉండాలో లెక్క, అన్నీ ముందు పెట్టాను. ఓపికగా చూశాడు. పాత ఫైలు తెప్పించి, చివరి పేజీ తిప్పి, నా సంతకం మీద వేలు పెట్టాడు. ఇది మీదే కదా సార్ అన్నాడు. ఇండ్లల్లో ఉన్నవి రాళ్లు, మత్తడి మీద ఉంటేనే మత్తడి అన్నాడు. పాత వరుస పాత చోటనే కూర్చుంటే మళ్లీ కొలిపిస్తానని, వానలు పడేలోపే కావాలని చెప్పాడు. నాకు అతని మీద కోపం రావాలి. అతను చెప్పింది నేను తొమ్మిదేళ్ల కింద చేసిందే.

వారం సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగాను. టేపు, సుద్దముక్క, నోటుపుస్తకం. రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకున్నాను: గడప కింద, బోరింగు పక్క, పశువుల తొట్టి కింద, కిరాణా కొట్టు మెట్టుగా, పీర్ల కొట్టం అరుగులో, ఒకచోట రెండు ముక్కలై రోలుగా, ఒక కొత్త ఇంటి ముందు గ్రానైట్ పలకల నడుమ రంగేసి తులసి గద్దెగా. చాలామందికి అది ఎక్కడిదో తెలియదు. తెలిసినవాళ్లు ఎక్కువ కోపగించుకున్నారు. మా మేనమామ వరస ఆయన ఒకడు, మీ అయ్య మక్క ముందు ముంచిరా, తర్వాత మా గడప పీకుదువు గానీ అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టలేకపోయాను.

ఇంట్లో మాట ఎత్తితే బాపు మంచం మీద నుంచి లేచాడు. చదువుకున్న నా ఫీజులు ఎక్కడివో అడిగాడు. చెప్పాను, ఆ రెండెకరాలవేనని. మరి దాన్నే ముంచుతావా అన్నాడు. ముంచేది నేను కాదు, అది చెరువు నేల అన్నాను. తాత మాట తీసుకొచ్చాను. తేకుండా ఉండాల్సింది. బాపు మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది.

"గా రాయి మీద ఇన్నేండ్లు చాపలు తోమిన. మీ తాత చచ్చేదాక ఒక్కనాడు గా చాపలు ముట్టలే. నాకెందుకో తెల్వదనుకున్నరా? పట్టుకపొండ్రి దాన్ని."

మర్నాడు జమ్లి కొడుకులు ట్రాలీ తెచ్చారు. వాళ్ల రాయి అందులో ఉంది, కింద కొత్త వరిగడ్డి. మా రాయికి మోకులు కట్టాం. వాళ్లిద్దరూ, నేను, ముగ్గురం. నాలుగో కొస ఖాళీ. మేస్త్రిని పిలవబోతుంటే బాపు వచ్చి వంగి, బొంగు కింద భుజం పెట్టాడు.

"వానకాలం నా మక్క మునిగినంక నీ మిషన్ తెచ్చి కొలువు," అన్నాడు. "ఎంత మునిగిందో సరిగ్గ రాయి."

మత్తడి మీద గాడుల్లో మట్టి తీయడానికి పొద్దంతా పట్టింది. రెండు రాళ్లూ గాడి మీద గాడి సరిగ్గా కూర్చున్నాయి; నేను లెవల్ పెట్టి చూశాను, తేడా లేదు. కట్ట మీద పోతున్నవాళ్లు ఆగారు. ఒకతను, ఈ రెండు ఎవరి కోసమే జమ్లీ, అని అడిగి నవ్వాడు. జమ్లి వినపడనట్టు ట్రాలీలోని గడ్డి దులుపుతూ ఉంది. ఇది జరిగి ఆరు వారాలైంది. వానలకు ఇంకా నెల ఉంది.

పై వరుసలో ఉండాల్సిన రాళ్లు అరవై రెండు. ఇండ్లలో నేను చూసి కొలిచినవి నలభై ఏడు. ఈ రోజు దాకా మత్తడి మీదికి చేరినవి రెండు.